ఊరిని తన్నినవాడి నడుం

పెద్దమనుషుల్ని కాలితో తన్ని, తిరిగి వాళ్ళ చేతే అరటిపళ్ళు ఇప్పించుకున్నవాణ్ణి మా వైపు నేనొక్కణ్ణే. కోపంతో తన్నలేదు. వాళ్ళే వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, చొక్కా విప్పి మడిచి పక్కన పెట్టుకుని, మా అరుగు మీద చాప పరిపించుకుని బోర్లా పడుకునేవారు. "కొంచెం చూసి తన్నండి" అనేవారు. నేను చూసే తన్నేవాణ్ణి.

నేను ఎదురుకాళ్ళతో పుట్టానని ఊరంతటికీ తెలుసు. అంటే అందరిలా తల ముందు పెట్టి ఈ లోకంలోకి రాకుండా, కాళ్ళు ముందు పెట్టి వచ్చానన్నమాట. అలా పుట్టినవాడి ఎడమకాలికి నడుం పట్టు విడిపించే గుణం ఉంటుందని మా వైపు నమ్మకం. ఆదివారం పొద్దున్నే, పరగడుపున, నడుం మీద మూడు తన్నులు. అలా మూడు ఆదివారాలు. నాలుగో ఆదివారానికి మనిషి లేడిపిల్లలా గెంతాలి.

మా ఊరు కొల్లేటికోటకి దగ్గర్లో, చేపల చెరువుల మధ్య ఉంటుంది. నడుం నొప్పులకి ఇంతకంటే అనువైన చోటు ఇంకోటి ఉండదు. వల లాగేవాళ్ళు, మేత బస్తాలు మోసేవాళ్ళు, చేపల పెట్టెలు లారీకెత్తేవాళ్ళు, ఆ లారీని గోతుల రోడ్డు మీద ఏలూరు దాకా తోలేవాళ్ళు. గట్టు మీద కుర్చీలో కూర్చుని వీళ్ళందరినీ చూసేవాళ్ళకి కూడా నడుం పట్టేసేది. వాళ్ళదే కొంచెం మొండి నొప్పి.

తన్నడంలో ఒక మర్యాద ఉంది. పెద్దల మీద కాలు వెయ్యడం తప్పు కాబట్టి, తన్నే ముందు "తప్పు కాయండి" అనాలి. తన్నాక వంగి వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాలి. మూడు తన్నులకి మూడు దణ్ణాలు. వారానికి నలుగురైదుగురు వచ్చేవారు. నా నడుం పాడయింది మోతల వల్లనో, ఈ దణ్ణాల వల్లనో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మేం క్రైస్తవులం. ఆదివారం తొమ్మిదింటికి ఆరాధన. కనుక ఆరు నుంచి ఎనిమిది దాకా తన్నులు ముగించుకుని, కాళ్ళు కడుక్కుని చర్చికి వెళ్ళేవాణ్ణి. ఇలాంటివి నమ్మకూడదని పాస్టరు గారు ఒకసారి ప్రసంగంలో గట్టిగానే చెప్పారు. ఆ వానాకాలం చర్చి బల్లలు జరుపుతుంటే ఆయన నడుం పట్టేసింది. మా పెరటి దారిన వచ్చారు. ప్రసంగం సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. బోర్లా పడుకుని, ప్రార్థన చేసుకుని తన్నమన్నారు. అలాగే చేశాను.

నా చదువు ఏడో తరగతిలో ఆగడానికి కూడా ఈ కాలే కారణం. మా లెక్కల మాష్టారికి నడుం పట్టేస్తే ఆయన ఇంటికి వెళ్ళి మూడు ఆదివారాలు తన్ని వచ్చాను. నాలుగో సోమవారం ఎక్కం అప్పజెప్పమంటే తప్పు చెప్పాను. ఆయన బెత్తం ఎత్తి, నన్ను చూసి, మళ్ళీ దింపేశారు. తను పిలిచి తన్నించుకున్నవాణ్ణి కొట్టడం ఎలాగో ఆయనకి తోచలేదు. ఇక నన్ను అడగడమే మానేశారు. ఎవరూ అడగనివాడికి చదువెందుకని నేనూ మానేసి చెరువు గట్టు ఎక్కాను. అప్పట్నుంచీ చేపలకి మేత కట్టడమే నా పని. నాకు చేతనైన పని అదొక్కటే.

ఆ పని ఇలా ఉంటుంది. చెరువులో వరసగా వెదురు కర్రలు పాతి ఉంటాయి. తవుడూ నూనె తీసిన చెక్కా కలిపి, చిన్న చిన్న చిల్లులున్న సంచుల్లో నింపి, తెల్లవారగానే పడవ మీద వెళ్ళి కర్రకో సంచి కట్టాలి. శీలావతులూ బొచ్చెలూ వచ్చి ఆ చిల్లుల్లోంచి పీక్కుని తింటాయి. నిన్నటి ఖాళీ సంచి విప్పడం, ఇవాళ్టి నిండు సంచి ఎత్తడం, కట్టడం, గెడ వేసుకుంటూ ఇంకో కర్ర దగ్గరికి వెళ్ళడం. పడవ ఊగుతుంటుంది. మనిషి సగం నీళ్ళ మీదకి వంగి ఉంటాడు. చేపలకి నడుం లేకపోవడం దేవుడు వాటికి చేసిన మేలని నాకు చాలాసార్లు అనిపించేది.

చెరువు నడిపే ఆసామిని మా వైపు రైతు గారంటాం. మా రైతు గారు కూడా నా చాప మీద పడుకున్నవారే. గట్టు మీద నన్ను "ఏవయ్యా, నువ్వు" అనేవారు. ఆదివారం చాప మీద పడుకోగానే "ఏవండీ, మీరు" అనేవారు. సోమవారం మళ్ళీ ఏవయ్యా. ఒకే మనిషి నిలబడితే ఉండే పెద్దరికం పడుకుంటే ఎక్కడికి పోతుందో నాకు అర్థమయ్యేది కాదు. కానీ ఒక్కటి చెప్పాలి. మూడో ఆదివారం లేచి, చొక్కా తొడుక్కుంటూ, "బాగా తేలికైందండి" అన్నారు. ఆయనే కాదు, ఇన్నేళ్ళలో నేను తన్నిన ప్రతి మనిషీ అదే మాట అన్నాడు. తగ్గలేదన్నవాడు ఒక్కడూ లేడు. ఇంత మంచి పేరు ఏ పెద్దాసుపత్రికీ ఉండి ఉండదు.

అలాంటి నాకు రెండేళ్ళ కిందట, ఒక తెల్లవారుజామున, నిండు సంచి పడవ అంచు మీద నుంచి ఎత్తుతుంటే నడుంలో ఎవరో గొళ్ళెం పెట్టినట్టయింది. సంచి సగం గాలిలో, నేను సగం వంగి, పడవ తనంతట తాను గుండ్రంగా తిరుగుతూ. ఒక కొంగ కర్ర మీద కూర్చుని ఇదంతా చూసింది. దానికొక్కదానికే తెలుసు గనక ఇంకెవరికీ తెలియనివ్వకూడదని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

మొదటిసారి పది పదిహేను రోజుల్లో పోయింది. రెండు నెలలకి మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చింది, ఇక వెళ్ళలేదు. అద్దెకి దిగినవాడిలా వచ్చి సొంతదారుడిలా ఉండిపోయింది.

దాచడానికి కారణం నవ్వులపాలవుతానని మాత్రమే కాదు. అంతకు ముందు ఏడాది పక్క చెరువులో మేత కట్టే పెద్దాయనకి మోకాలు నొప్పి వచ్చింది. ఆ చెరువూ నడిపే మా రైతు గారు ఆయన్ని ఎంతో మర్యాదగా పిలిచి, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. మా గోదావరి జిల్లాల మర్యాదలో ఉన్న ప్రమాదమే అది. ఆ విశ్రాంతి ఇంకా పూర్తి కాలేదు. ఆయన పడవ మీద వేరే మనిషి వచ్చాడు. పెద్దాయన ఇప్పుడు టీ కొట్టు బల్ల మీద కూర్చుని, వచ్చే పోయే లారీల్లో ఏ చెరువు చేపలున్నాయో చెబుతుంటాడు, ఎవరూ అడగకపోయినా. నా నడుం సంగతి తెలిస్తే నా పడవా అంతే. ఆ బల్ల మీద ఇంకొకరికి చోటుందని నాకు తెలుసు.

అందుకని నొప్పిని దాచే విద్య నేర్చుకున్నాను. లేవాలంటే నొప్పి, కాబట్టి ఎవరైనా పిలిస్తే వెంటనే లేచేవాణ్ణి కాదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్నట్టు కాసేపు కూర్చుని, తర్వాత మెల్లగా లేచేవాణ్ణి. నడవాలంటే నొప్పి, కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుని అడుగులో అడుగు వేసేవాణ్ణి. తల తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది, కాబట్టి చుట్టుపక్కల జరిగేవి పట్టించుకోవడం మానేశాను. దానితో ఊళ్ళో నా గౌరవం పెరిగింది. వయసుతో బాగా నిదానం వచ్చిందన్నారు. చర్చి కమిటీలోకి తీసుకున్నారు. నడుం బాగున్న రోజుల్లో నన్ను ఒక్క మీటింగుకి పిలిచినవాడు లేడు.

నా భార్యకి మాత్రం మొదటి వారంలోనే తెలిసిపోయింది. కింద పడ్డ సబ్బు తీసి ఇమ్మని ఆమెని పిలిచిన రోజున. ఆ తర్వాత మా ఇంట్లో వైద్యం మొదలైంది, అదీ చాటుగా. ఎవరికి నొప్పి అని అడిగితే, తనకి వరసకి అన్నయ్య ఒకడు దెందులూరులో ఉన్నాడని చెప్పి మందులు కనుక్కునేది. లేని ఆ అన్నయ్య కోసం ఊరంతా బెంగపడింది. ఉప్పు మూట కాపడం అన్నారు, ఇసుక కాపడం అన్నారు. నేల మీద పడుకోమన్నారు. పడుకోవడం సులువే, లేవడానికి నా భార్య ఒక్కతే చాలేది కాదు. చొక్కా లోపల బెల్టు కట్టాను. ఎండాకాలం ఆ బెల్టు కింద నేను ఉడికిన ఉడుకుకి ఒక పూట అన్నం వండుకోవచ్చు.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల షావుకారు ఒకాయన ఉన్నాడని, ఆయన చెప్పిన కట్టుతో చాలామందికి తగ్గిందని నా భార్య విని వచ్చింది. వెళ్ళాను. ఆయన బస్తాల మధ్య గద్దె మీద కూర్చుని, నన్ను ఎంతో ఆదరంగా కూర్చోమని, ఉల్లిపాయలు దంచి ఆముదంలో వెచ్చచేసి నడుముకి కట్టమన్నాడు. ఏడు రోజులు. తెల్లవి కాదు, ఎర్రవి. ఆయన దగ్గరే ఉన్నాయి. తీసుకుని లేస్తుంటే ఆయనా నాతోపాటు లేవబోయి, రెండు చేతులూ గద్దెకి ఆన్చి, కళ్ళు మూసుకుని కాసేపు ఆగాడు. ఆ ఆగడం నాకు బాగా తెలిసిన ఆగడం. అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఏడు రోజులు కట్టాను. నొప్పి పోలేదు గానీ నేను ఎక్కిన బస్సుల్లో అందరికీ పకోడీలు గుర్తొచ్చాయి.

ఇంత జరుగుతున్నా ఆదివారాలు తన్నుతూనే ఉన్నాను. మానేస్తే ఎందుకని అడుగుతారు. ఒక ఆదివారం లారీ డ్రైవరు ఒకాయన పడుకుంటే, తప్పు కాయమని కాలు ఎత్తాను. ఎత్తిన కాలు దిగలేదు. గొళ్ళెం పడింది. అరుగు స్తంభం పట్టుకుని కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాను. ఆయన చాలాసేపు ఎదురు చూశాడు. నేను లోలోపల ఏదో ప్రార్థన చేస్తున్నాననుకుని తనూ కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. చివరికి కాలు దానంతట అదే వదులై ఆయన నడుం మీద పడింది. ఇంత బలంగా ఎప్పుడూ తగల్లేదని, మహిమ ఎక్కువైందని ఊళ్ళో చెప్పాడు. మరుసటి వారం ఇద్దరు ఎక్కువ వచ్చారు.

అలా వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నం పెడుతూ నా భార్య అంది: "ఊరందర్నీ తన్నారు గదా. మిమ్మల్ని తన్నేవాళ్ళు ఒక్కరూ దొరకలేదా ఏవండీ?"

నాకు ఆ ఆలోచన అంతవరకూ రాలేదంటే నమ్మాలి. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఇంకెవరున్నారో మా అమ్మకి తెలిసి ఉండాలి. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో కాన్పులకి సాయం వెళ్ళేది. అమ్మ అప్పుడు మా అక్క దగ్గర, గణపవరం పక్కన పల్లెలో ఉంది. అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. వరి ఊడ్పులకీ కోతలకీ కూలికి వెళుతుంది. మర్నాడు చెరువు పని ముగించుకుని, ఆకివీడు మీదుగా బస్సెక్కాను. సీటున్నా నిలబడే వెళ్ళాను. కూర్చుంటే లేపడానికి పక్కన నా భార్య లేదు.

అక్క ఇంటి అరుగు మీద అమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. అక్క అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నేను సంగతంతా చెప్పాను. మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పని మాట అది. నా నడుం పోయిందనీ, రైతు గారికి తెలిస్తే పడవ పోతుందనీ, ఎదురుకాళ్ళ మనిషెవరైనా ఉంటే చెప్పమనీ.

అమ్మ పిక్క తీయడం ఆపింది. అక్క వైపు చూసింది. అక్క నీళ్ళ చెంబు వైపు చూసింది.

"నువ్వు తలతోనే పుట్టావురా" అంది అమ్మ.

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"అందరి పిల్లల్లాగే వచ్చావు. నొప్పులు కూడా ఎక్కువ పెట్టలేదు. ఎదురుకాళ్ళతో పుట్టింది మీ అక్క."

అప్పుడు చెప్పింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఊరి పెద్దాయన ఒకాయనకి నడుం పట్టేసిందట. మా ఇంట్లో ఎదురుకాళ్ళ బిడ్డ ఉందని విని కబురు చేశాడట. అక్కకి పదకొండేళ్ళు. ఎదిగే ఆడపిల్ల వెళ్ళి మగవాడి నడుం మీద కాలు వెయ్యడమేమిటని మా నాన్న నన్ను పంపాడు. మగపిల్లాడి కాలైతే ఎవరికీ అభ్యంతరం లేదు. తన్ని వచ్చాను. మూడు వారాల్లో ఆయన లేచి తిరిగాడు. అరటిగెల పంపించాడు. గెల ఇంటికొచ్చాక నిజం చెప్పడం ఎవరికీ వీలు కాలేదు. ఆ తర్వాత మా నాన్నే మర్చిపోయాడట. పోయేముందు కూడా నా కాలి గురించి గొప్పగానే చెప్పాడట.

నేను అక్క వైపు తిరిగాను, ఒళ్ళంతా తిప్పి. ఆరేళ్ళ కిందట అక్కకి నడుం పట్టేసింది. ఊడ్పుల్లో రోజంతా వంగి ఉండే మనిషి. మా ఇంటికి వచ్చి మూడు ఆదివారాలు నా చేత, అంటే నా కాలి చేత, తన్నించుకుని వెళ్ళింది. మహిమ తన కాలిలో పెట్టుకుని నా కాలితో తన్నించుకుంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"చిన్నప్పట్నుంచీ తెలుసు" అంది.

"మరి అప్పుడెందుకు పడుకున్నావు?"

"అంతా పడుకుంటున్నారు, నేను రాకపోతే నీకు బాగుండదు గదరా."

ఏం చెయ్యాలో నాకు వెంటనే తెలిసింది. చాప తెచ్చి పరుచుకుని, మెల్లగా, నాలుగు విడతల్లో బోర్లా పడుకున్నాను. అసలు కాలు దొరికింది గదా, ఇక ఆలస్యమెందుకు. అక్క వద్దంది. సోమవారం అంది. అన్నం తిన్నావంది. అమ్మ కూడా తన్నమంది. అక్క గోడ పట్టుకుని ఎడమకాలు పైకెత్తింది. ఎత్తుతుంటే ఆమె పళ్ళ సందున ఒక చిన్న శబ్దం వచ్చింది. పిల్లిని పక్కకి జరిపినట్టు కాలితో మూడుసార్లు నా నడుం మీద తోసింది.

"ఎలా ఉంది?" అంది.

గొళ్ళెం ఎక్కడున్నది అక్కడే ఉంది. అయినా నా నోటికి వచ్చిన మాట ఒక్కటే.

"బాగా తేలికైంది అక్కా."

"అబద్ధం" అంది అక్క. "నేనూ నీతో అలాగే చెప్పాను."

తర్వాత అక్క చెప్పింది, ఆ ఆరేళ్ళ కిందటి నొప్పి ఒక్క రోజు కూడా పోలేదని. పొద్దున్నే లేచి గోడ పట్టుకుని నిలబడితే గానీ అడుగు పడదని. నాట్లలో అందరికంటే వెనక పడుతున్నానని, వరసలో చివర నిలబెడుతున్నారని. నేను ఏటా వచ్చి, ఆమె పెట్టిన చేపల పులుసు తిని, నీ నడుం నేనే బాగుచేశానని నలుగురిలో చెప్పి వెళ్ళినవాణ్ణి. పడుకునే ఉన్నాను గనక మొహం చాపలో పెట్టుకునే వీలు దొరికింది.

ఆ వారంలోనే ఇద్దరం ఏలూరు ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు గారు ఫొటోలు తీయించి, కాళ్ళు ఎత్తించి, తిమ్మిర్లున్నాయా, ఒంటికి వెళ్ళడంలో ఇబ్బంది ఉందా అని అడిగి, లేవంటే ఆపరేషన్ అక్కర్లేదన్నారు. వ్యాయామం నేర్పే అమ్మాయి దగ్గరికి పంపారు. నొప్పి పదిలో ఎంత ఉంటుందని ఆ అమ్మాయి అక్కని అడిగింది.

"మీరెంతంటే అంతండి" అంది అక్క.

నన్ను అడిగితే నాలుగన్నాను. నా భార్యని అడిగి ఉంటే పన్నెండు చెప్పేది.

ఎప్పుడైనా నాటు వైద్యం చేయించుకున్నారా అని కూడా అడిగింది. నేను తన్నుల సంగతి చెప్పాను, తన్నినవాణ్ణి నేనేనని చెప్పకుండా. అలా చేస్తే ఉన్న నడుం కూడా పోతుందని, అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదేమో గానీ ఇంకెప్పుడూ చేయించుకోవద్దని చెప్పింది. మరి కొంతమందికి మూడు వారాల్లో తగ్గుతుంది గదా అన్నాను. ఒక్కసారి పట్టేసిన నడుం చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుందండి, తన్నినా తన్నకపోయినా, అంది. మూడు ఆదివారాలని పెట్టినవాడెవడో గాని మహా తెలివైనవాడు. తగ్గినవాళ్ళు నా దగ్గరికి అరటిపళ్ళతో వచ్చారు. తగ్గనివాళ్ళు మర్యాదస్తులు గనక ఇంట్లో కూర్చున్నారు. నా పేరు ఈ రెండు కాళ్ళ మీదే నిలబడింది.

మాది వచ్చి పోయే నొప్పి కాదనీ, దానితో కలిసి బతకడం నేర్చుకోవాలనీ చెప్పింది. రోజూ నడవాలి. రోజూ పొద్దున్నే వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం పైకెత్తాలి, ఇంకా నాలుగు రకాలు. బరువు ఎత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్ళు వంచాలి. బరువుతో పక్కకి తిరగకూడదు. నిండు బస్తాలు ఇక వద్దు, సగమే ఎత్తండి, రెండుసార్లు తిరగండి. ఆమెకి అది చిన్న మాట. నాకది రైతు గారితో చెప్పాల్సిన మాట.

శనివారం పొద్దున్న ఆయన బండి గట్టు మీద ఆగింది. పడవలోంచి దిగి, ఆలోచిస్తున్నట్టు నటించకుండా, ఉన్న నడకే నడుచుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళాను. రెండేళ్ళుగా నడుం బాగాలేదని చెప్పాను. నేను ఎదురుకాళ్ళతో పుట్టలేదని కూడా చెప్పాను. ఒక అబద్ధం విప్పుతుంటే రెండోది దానికే చిక్కుకుని వచ్చేసింది.

ఆయన మేత బస్తాల వైపు చూశారు.

"నువ్వు తలతో పుట్టావో కాళ్ళతో పుట్టావో నాకెందుకయ్యా. బస్తా ఎత్తగలవా లేదా?"

"సగం ఎత్తగలనండి."

"సగం చేపలకే మేత పెడతావా?"

"రెండుసార్లు తిరుగుతానండి. ఓ గంట ఆలస్యమవుతుంది."

"గంట దాకా చేపలు ఊరుకుంటాయా?"

"వాటికి గడియారం లేదండి."

"నాకుందయ్యా" అన్నారు. బండి ఎక్కుతూ, వారం రోజులు చూద్దామన్నారు. మా వైపు చూద్దామంటే చాలా రకాలుగా అర్థం చేసుకోవచ్చు. విశ్రాంతి మాట మాత్రం రాలేదు.

మర్నాడు ఆదివారం. అరుగు మీద ముగ్గురున్నారు. నిజం చెప్పాను. ఒకాయన, పెద్దవాళ్ళకి ఇలాంటి వినయమే ఉంటుందని మెచ్చుకుని చొక్కా విప్పడం మొదలుపెట్టాడు. తన్నను గాక తన్ననని, కావాలంటే ఏలూరులో నేర్పిన వ్యాయామం నేర్పుతానని చెప్పాను. పడుకుని చేసి చూపించాను. ముగ్గురూ జాలిగా చూశారు. రోజూ చెయ్యాలా అని అడిగాడు లారీ డ్రైవరు. రోజూ అన్నాను. మనమే చేసుకోవాలా అన్నాడు. మనమే అన్నాను. వాళ్ళ మొహాల్లో ఉత్సాహం పోయింది. తన్నించుకోవడంలో ఉన్న సుఖం అదే, కష్టమంతా ఎదుటివాడిది. ముగ్గురూ మర్యాదగా సెలవు తీసుకున్నారు. కైకలూరు వైపు ఇంకొకాయన ఎదురుకాళ్ళతో పుట్టాడట, అక్కడికి వెళుతున్నారని తర్వాత తెలిసింది.

ఆ వారమంతా సగం సంచులే కట్టాను. మోకాళ్ళు వంచి, సంచిని ఒంటికి దగ్గరగా పట్టుకుని, పడవనే తిప్పుకుంటూ. మొదటి చుట్టు అయ్యేసరికి ఎండ ఎక్కేది. రెండో చుట్టు చివరికి పక్క చెరువు కొత్త మనిషి పని ముగించుకుని, టిఫిన్ తిని, గట్టు మీద నిలబడి నన్ను చూసేవాడు. చూడనిచ్చాను. మూడో రోజు నొప్పి ఎక్కువైంది. అక్కకి ఫోన్ చేశాను. పదిలో ఎంత అని అడిగింది. ఆరు అన్నాను. తనది ఏడంది. ఇద్దరం ఒకరితో ఒకరం నిజం చెప్పుకోవడం అదే మొదలు, కొంచెం సిగ్గేసింది కూడా. ఆ సాయంత్రం ఆమె కూలీల మేస్త్రీతో మాట్లాడిందట, రోజంతా నాట్లు వెయ్యలేనని, ఒక పూట నారు కట్టలు అందించే పని ఇమ్మని. చూద్దామన్నాడట అతనూ.

ఎనిమిదో రోజు రైతు గారు వచ్చారు. నేను ఇంకా రెండో చుట్టులోనే ఉన్నాను. గట్టు పక్కన ఉన్న కర్రల దాకా దిగి, ముందు రోజు సంచుల్ని చేత్తో నొక్కి చూశారు. అన్నీ ఖాళీ. ఒక్కదానిలోనూ మేత మిగల్లేదు. చేపలు ఆలస్యాన్ని పట్టించుకోలేదు. పడవ గట్టుకి చేర్చాను.

"ఇలాగే కానియ్యి. రేపట్నుంచి కూడా" అన్నారు.

నాకు వెంటనే లేవడం కుదరలేదు. మోకాళ్ళ మీదకి వచ్చి, చేతులు పడవ అంచుకి ఆన్చి, ఒక్కో కాలూ దింపడానికి సమయం పట్టింది. దాచలేదు. ఆయన తొందరపెట్టలేదు. పడవ జారిపోతుంటే తాడు అందుకోవడానికి ముందుకి వంగారు. వంగి, అక్కడే ఆగిపోయారు. పెదవి బిగబట్టి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, కళ్ళు మూసుకున్నారు.

"ఏమైందండీ?" అన్నాను.

"ఏం లేదు. తాడు చూస్తున్నాను" అన్నారు ఆయన, కళ్ళు తెరవకుండానే.

నేను గట్టు మీదకి ఎక్కి, ఆయన పక్కన నిలబడి, మోకాళ్ళు వంచమని చెప్పాను.